పదిహేడో నెంబరు షిఫ్ట్ కాలేదు

ఇంగ్లీషు నుంచి మనం తెచ్చుకున్న మాటల్లో మన కన్నీళ్ళు ఆదా చేసిన మాట ఒక్కటే ఉంది. అది ‘షిఫ్ట్’. దాన్ని కనిపెట్టిన మహానుభావుడు ఎవరో తెలిస్తే రోజూ పొద్దున్నే ఆ దిక్కుకు తిరిగి ఒక దండం పెట్టుకుందును!

నేను బడికి వెళ్ళలేదు. పచారీ పొట్లాలు విప్పి, నూనె మరకల మధ్య అక్షరాలు ఏరుకున్నదాన్ని. ఇంగ్లీషుకు మాత్రం మా మనవరాలి డిక్షనరీయే గురువు. అందులో షిఫ్టుకు బోలెడు అర్థాలున్నాయి. జరుగు, జరుపు, చోటు మార్చు, తప్పు ఇంకొకరి మీదికి నెట్టు. వీటిలో ఒక్కచోటైనా ఏడుపు ఊసు ఉందేమోనని భూతద్దం పెట్టి వెతికాను. లేదు!

మన మాటలు చూడండి. వెళ్ళిపోయాడు. వదిలేసింది. సాగనంపాం. ఒక్కొక్కటీ పిండకుండా దండెం మీద వేసిన బట్టలా కారుతూనే ఉంటుంది. షిఫ్ట్ అలా కాదు. ఇస్త్రీ చేసి తెచ్చిన మాట.

ఈ మాట దొరక్కముందు మా కోడలు ఎంత అవస్థ పడిందో! గదిలోంచి నా మంచం తీయాలి, ఆ మాట నాతో అనాలి. నాలుగు రోజులు నీళ్ళు నమిలింది. అయిదో రోజు మాట దొరికింది.

“అత్తయ్యా, మీ మంచం హాల్లోకి షిఫ్ట్ చేద్దామా? అక్కడ గాలి బాగా వస్తుంది.”

వచ్చింది. గాలితోపాటు టీవీ కూడా వచ్చింది. మరుసటి ఏడు సోఫా వచ్చింది, నేను బాల్కనీలోకి షిఫ్ట్ అయ్యాను. మేం ఉండేది రెండో అంతస్తు కాబట్టి ఇక నన్ను షిఫ్ట్ చేయడానికి గాలి తప్ప ఏమీ మిగల్లేదు.

మా ఆయన పోయిన పదో నెలలో ఆయన చొక్కాలు బీరువాలో కనబడలేదు. “అటక మీదికి షిఫ్ట్ చేశాం నాన్నమ్మా,” అంది మనవరాలు. తీసేశాం అని ఉంటే ఆ పూట నాకు అన్నం దిగేది కాదు. షిఫ్ట్ అంది, రెండో ముద్ద కలుపుకున్నాను.

మా చెల్లెలి మనవరాలికి కుదిరిన సంబంధం మొన్న తప్పిపోయింది. పెళ్ళికొడుకు ఎదురుపడలేదు, గొంతు వినిపించలేదు. తన ‘ప్రయారిటీస్’ షిఫ్ట్ అయ్యాయని మెసేజ్ పెట్టాడు. అతని తప్పేముంది? అవి వాటంతటవే మూటాముల్లె సర్దుకుని పోతుంటే పాపం గుమ్మంలో నిలబడి చూశాడు, అంతే!

ఇక మా ఎదురు వాటా వదిన సంగతి.

రక్తసంబంధం ఏమీ లేదు. పంతొమ్మిదేళ్ళ కిందట ఆమె నన్ను ‘వదినా’ అంది, నేనూ ‘వదినా’ అన్నాను. అదే చుట్టరికం. చూపు మందగించినప్పటి నుంచి రోజూ నాలుగింటికి తన ముక్కాలి పీట తెచ్చుకుని మా గుమ్మంలో కూర్చునేది. నేను చదివేదాన్ని, ఆమె వినేది. ఒత్తు తప్పితే దిద్దేది. ఈ మధ్య ఒక లావుపాటి నవల పట్టాం. చివరి అధ్యాయం మిగిలింది.

ఆమె కొడుక్కి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. “శనివారం షిఫ్ట్ అవుతున్నాం అత్తా,” అన్నాడు చెప్పులు వేసుకుంటూ. వదిన నాతో ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. శుక్రవారం నాలుగింటికి పీట రాలేదు. వీడ్కోలు ఎందుకు చెప్పండి? బీరువాకు ఎవరైనా వీడ్కోలు చెబుతారా?

శనివారం సామాను తరలించేవాళ్ళు వచ్చారు. వాళ్ళ పద్ధతి నాకు ముచ్చటేసింది. ప్రతి వస్తువు మీదా ఒక నెంబరు స్టిక్కరు. ఒకటి ఫ్రిజ్. రెండు బీరువా. పదిహేడు ముక్కాలి పీట. మొత్తం నలభై రెండు. అన్నింటికీ టిక్కులు పడి, ఇంటి పెద్ద కింద సంతకం చేస్తే తప్ప లారీ కదలదు.

వదినకు స్టిక్కరు లేదు కాబట్టి ఆమెను ముందే దింపారు. “పదమ్మా, ఎండెక్కుతోంది,” అంటున్నాడు కొడుకు. నేను తలుపు వెనకే ఉన్నాను. బయటికి వచ్చేసరికి మెట్ల మలుపులో ఆమె కొంగు మాత్రం కనబడింది.

అరగంటకు గొడవ మొదలైంది. పదిహేడో నెంబరు లేదు!

“పాత పీటేగా, వదిలేయండి,” అన్నాడు కొడుకు.

“కుదరదు సార్. ఇక్కడ రాసుకున్నది అక్కడ దింపకపోతే నా ఉద్యోగం షిఫ్ట్ అవుతుంది,” అన్నాడు సూపర్‌వైజర్.

పీట ఎక్కడుందో అమ్మకే తెలియాలన్నారు. లిఫ్టు లేని ఇల్లు. వదిన మోకాళ్ళు పట్టుకుంటూ రెండంతస్తులూ మళ్ళీ ఎక్కింది. తన వాటాలోకి పోలేదు. తిన్నగా మా బాల్కనీలోకి వచ్చి, నా మంచం కింద తువ్వాలు కప్పి ఉన్నదాన్ని కాలితో ముందుకు లాగి, దాని మీద కూర్చుంది. స్టిక్కరు మీదికి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

“ఈ వయసులో దొంగతనాలేంటి వదినా?”

“చెప్పకుండా పోతుంటే ఏం చేయను?”

“పోవడమేంటి? షిఫ్ట్ అవుతున్నానట. మావాడు చెప్పాడు.” మంచం మీది పుస్తకాన్ని తడిమి నా ఒళ్ళో పెట్టింది. “ఎక్కడ ఆపాం?”

“చివరి అధ్యాయం.”

“చదువు మరి. వాళ్ళు వెతుక్కుంటారులే.”

చదివాను. రెండుచోట్ల ఒత్తు తప్పాను, రెండుచోట్లా దిద్దింది. సూపర్‌వైజర్ తలుపు దగ్గర నుంచి తొంగి చూశాడు.

“పదిహేడు ఇక్కడేమైనా ఉందా అమ్మగారూ?”

“మేమూ అదే చూస్తున్నాం నాయనా,” అంది వదిన, దాని మీద కూర్చునే. నేను పేజీ తిప్పాను.

కింద హారను మోగింది. ఇంకా మూడు పేజీలు ఉండగా ఆమె చెయ్యి పుస్తకం మీద పెట్టింది. “అవి ఉంచు.” లేచి గుమ్మం దాకా వెళ్ళి, కాగితం అడిగి తీసుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో తడిమి, పెట్టింది. నలభై రెండూ ఉన్నాయని సూపర్‌వైజర్‌కి మాటిచ్చింది. తర్వాత నా వైపు తిరిగింది.

“వెళ్తున్నాను వదినా.”

చూశారా, పాత మాటలు ఎంత ప్రమాదమో! ఇద్దరి కొంగులూ తడిసి ముద్దయ్యాయి. ఇంగ్లీషులో చెప్పి ఉంటే ఈ బాధ తప్పేది.

కాబట్టి పాఠకులారా, షిఫ్ట్ అనండి, అనిపించుకోండి, సుఖపడండి. కాకపోతే ముసలిదాన్ని, ఒక సలహా చెబుతాను. మీవాళ్ళెవరైనా షిఫ్ట్ అవుతుంటే వాళ్ళ సామానులో ఒకటి ముందుగా దాచేయండి.

ఆ పీటను అటక మీదికి షిఫ్ట్ చేద్దామంది మా కోడలు. కుదరదన్నాను. నవల దాని మీదే ఉంది. స్టిక్కరు కూడా ఊడదీయలేదు. దాని కోసం ఎవరో ఒకరు రావాలి కదా.