ఎవరూ తినరాదు

ఖోర్ స్వీ లెంగ్ ఆ రోజు ఏడున్నరకే ఆఫీసులో ఉంది. మలేసియాలోని ఈపో ఊళ్ళో ఉన్న ఆ బీమా శాఖకి మేనేజరుగా ఆమెకిది పదకొండో ఏడు. సాయంత్రానికల్లా ఆ కుర్చీని దాటి పైకి వెళ్ళాలని ఆమె పట్టుదల. అన్ని మతాలవాళ్ళనీ, అన్ని భాషలవాళ్ళనీ కలుపుకుపోయే నాయకత్వం కోసం కంపెనీ కొత్త విభాగం పెడుతోంది. దానికి అధిపతిని ఎంపిక చేయడానికి కౌలాలంపూర్ నుంచి 'దాతిన్' అనే గౌరవ బిరుదున్న డైరెక్టరు మర్లీనా ఒంటిగంటకి వస్తోంది!

రంజాన్ నెల. ఆఫీసులో సగం మందికి ఉపవాసం. ఖోర్‌కి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఎనిమిదింటికల్లా నోటీసు గోడెక్కింది. "ఉపవాసం ఉన్న సహోద్యోగుల గౌరవార్థం ఈ రోజు భవనంలో ఎవరూ ఏమీ తినరాదు. దాతిన్ వచ్చేదాకా ఎవరూ బయటికి వెళ్ళరాదు."

నోటీసు చూసి మొదట పరిగెత్తుకొచ్చినవాడు ఉపవాసంలో ఉన్న క్లెయిముల గుమస్తా హిల్మీ.

"బాస్, మేమెప్పుడైనా అడిగామా? పన్నెండేళ్ళుగా ఊయ్ అంకుల్ నా పక్కనే కూచుని నూడుల్స్ తింటున్నాడు. నాకే బాధా లేదు."

"నీ మర్యాద నాకు తెలుసు హిల్మీ. బాధని దాచుకుంటావు."

"నిజంగా లేదు బాస్!"

"చూశావా, దాచుకుంటున్నావు."

పన్నెండయ్యేసరికి అకౌంటెంటు ఊయ్‌కి చేతులు వణకడం మొదలైంది. అరవై దగ్గరపడిన మనిషి, పైగా షుగర్. హిల్మీ ఇక ఆలోచించలేదు. స్టోర్‌రూమ్ తలుపు తీసి ఆయన్ని లోపలికి తోశాడు.

"కడుపునిండా తినండి అంకుల్. నేను బయట కాపలా ఉంటా. దగ్గానంటే మాత్రం ఊపిరి కూడా బిగబట్టండి."

లోపల అప్పటికే ఒక మనిషి ఉంది. టైపిస్టు ఆయిదా, ఒళ్ళో అన్నం డబ్బా.

"నువ్వెందుకమ్మా ఇక్కడ?" అన్నాడు ఊయ్.

"ఈ నాలుగు రోజులూ నాకు ఉపవాసం లేదు అంకుల్. ఏటా ఇక్కడే తింటా. నా గదిలోకి మీరెందుకొచ్చారు?"

పావుగంటలో కబురు పాకింది. పన్నెండున్నరకి స్టోర్‌రూమ్‌లో పదకొండు మంది. రిసెప్షన్ పరిమళ పులిహోర పంచుతోంది. కస్టమర్లకి బహుమతిగా ఇవ్వాల్సిన టోస్టర్ ఒకటి పెట్టెలోంచి బయటికొచ్చింది. ఊయ్ అందులో రెండు బ్రెడ్డు ముక్కలు వేసి మీట నొక్కాడు.

సరిగ్గా అప్పుడే బయట హిల్మీ దగ్గాడు!

ఎదురుగా ఖోర్. గుండెలకి ఫైలు హత్తుకుని ఉంది. ఆ ఫైల్లో ఒక తీపి బన్ను ఉంది. పొద్దున్నుంచి ఆమె కూడా ఏమీ తినలేదు. ఆమె గదికేమో నాలుగు వైపులా అద్దాలు.

"పక్కకి జరుగు హిల్మీ. పాత కాగితం ఒకటి చూడాలి."

"నేను తెస్తాను బాస్."

"అది రహస్యం."

"లోపల ఎలుక ఉంది బాస్."

"నాకు భయం లేదు."

"చాలా పెద్దది బాస్. కుటుంబంతో ఉంది."

లోపల పరిమళ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. టోస్టర్ మీట ఇరుక్కుపోయింది. ఊయ్ చెయ్యి చాపితే ఆయిదా టక్కున పట్టుకుని, "చప్పుడవుతుంది!" అని గుసగుసలాడింది. బ్రెడ్డు గోధుమరంగు దాటింది, నలుపూ దాటింది. పొగ కప్పుకేసి లేచింది.

"మాడు వాసన వస్తోందేమిటి?" అంది ఖోర్.

"ఎలుకే బాస్."

"ఎలుక వంట చేస్తోందా?"

అగ్నిప్రమాదపు గంట భవనం దద్దరిల్లేలా మోగింది!

తొంభై మంది మెట్ల మీదుగా పరుగు తీశారు, ఎవరి చేతిలో ఉన్నది వాళ్ళు పట్టుకుని. కింద కార్లు ఆపే చోటికి దాతిన్ కారు అప్పుడే వచ్చి ఆగింది. దిగుతూనే ఆమె చూసింది. ఉపవాసంలో ఉన్న హిల్మీ ఒక చేత్తో ఊయ్‌ని పట్టుకుని, రెండో చేత్తో ఆయన నోటికి పులిహోర అందిస్తున్నాడు. ఆయిదా తింటుంటే పరిమళ తన కొంగు అడ్డం పట్టింది. అందరికంటే ముందు రొప్పుతూ నిలబడ్డ ఖోర్ ఫైల్లోంచి బన్ను జారి, దొర్లుకుంటూ వెళ్ళి దాతిన్ బూటుకి తగిలి ఆగింది.

"ఇదెవరిది?"

"నాది," అన్నాడు ఊయ్ గబుక్కున.

"కాదు, నాది," అన్నాడు హిల్మీ. ఉపవాసం ఉన్నవాడు ఆ మాట అనేసరికి జనం పగలబడి నవ్వారు.

ఒక్క అబద్ధం చాలు, ఖోర్‌కి పదవి దక్కుతుంది. కానీ ఊయ్ చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

"బన్ను నాది దాతిన్. ఎవరూ తినరాదన్న నోటీసూ నాదే. ఒక్కరినీ అడక్కుండా, అందరి తరఫునా నేనే గౌరవించేశాను."

దాతిన్ అందరినీ అడిగి జరిగిందంతా తెలుసుకుంది. తర్వాత హిల్మీ వైపు తిరిగింది. "తలుపు దగ్గర కాపలా కాసింది నువ్వేనా?"

"తప్పైపోయింది దాతిన్."

నెల తిరిగేలోగా ఉత్తర్వు వచ్చింది. కొత్త విభాగానికి అధిపతి హిల్మీ. అతనికి సహాయకురాలిగా ఉంటానని ఖోరే అడిగి మరీ వేయించుకుంది.

ఏం చేసినా ముందు అందరినీ అడగాలని ఇద్దరూ నిశ్చయించుకుని, మొదటిరోజే మధ్యాహ్న భోజనం ఎలా ఉండాలో అడిగారు. తొంభై మందిలో నూట నాలుగు అభిప్రాయాలు తేలాయి.