సారు పోయిండు

ఆ శనివారం పొద్దున్న ఉపేంద్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. నాదర్‌గుల్ అవతల స్నేహితుడి మామిడితోటలో టెంట్ వేసుకుని, భార్య అమలతో, తొమ్మిదేళ్ళ సింధూరతో ఒక్క రాత్రి పడుకోవాలి. పెళ్ళయిన పదిహేనేళ్ళకు పుట్టిన పిల్ల. దాని క్లాసులో మిగతా నాన్నలందరికీ జుట్టు నల్లగా ఉంటుంది. టెంట్ కొని మూడేళ్ళయింది. ఒకసారి నాన్న నడుము, ఒకసారి అమ్మ బీపీ, ఒకసారి నాన్న మోకాళ్ళు అడ్డొచ్చి అది అటక దిగలేదు. ఇవాళ దిగింది గానీ, లోపల కడ్డీ ఒకటి విరిగి ఉంది.

ఉపేంద్ర వెంటనే సందు చివర టెంట్‌హౌస్ రమేష్‌కు ఫోన్ చేశాడు.

"రమేష్ గారూ, టెంట్ వెయ్యాలండీ. ఒక సన్న పైపూ, కాస్త తాడూ కావాలి."

"తెస్త సార్. జర ఆగుండ్రి."

ఆగడమన్న మాట సింధూరకు పడదు. మూడేళ్ళుగా ఆగి ఉంది. వెళ్ళి కారులో కూర్చుని, అమ్మానాన్నల ఫోన్లు ఆపించి డాష్‌బోర్డు అరలో పడేసింది. "క్యాంపింగ్ అంటే ఫోన్లుండవు," అంది. అమల కూడా, "తోటలో వెదురు కర్ర దొరక్కపోతుందా, పదండి," అంది. రమేష్ వస్తే చెప్పమని వాచ్‌మన్ భార్య అండాలమ్మకు పురమాయించి ముగ్గురూ బయల్దేరారు.

పైపుతో దిగిన రమేష్‌కు అండాలమ్మ ఆ కబురు చెప్పేసి చుట్టాలింటికి వెళ్ళిపోయింది. ఆ వెంటనే అతనికి అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు విశ్వేశ్వరరావు ఎదురయ్యారు.

"ఏమయ్యా, పొద్దున్నే పైపులు దింపుతున్నావు? ఎవరింట్లో?"

"ఉపేంద్ర సార్‌కు. టెంట్ గావాలని ఫోన్ జేసిండు. నేనొచ్చేసరికే పోయిండు సార్."

"పోయాడా! ఏమైంది?"

"ఏమో. మొన్న మోకాళ్ళు, నడుము అన్నడు. ఆగుమన్న, ఆగలే."

"అయ్యో! మరి అమల?"

"మేడం గూడ ఎంబడే పోయింది. పాప గూడ. కార్లనే పోయిర్రు సార్, ముగ్గురు."

ఇందులో ఎవరి తప్పూ లేదు. రమేష్ వాళ్ళది పోచంపల్లి దగ్గర. అక్కడ పోవడమంటే ఇక్కడి నుంచి అక్కడికి పోవడం. విశ్వేశ్వరరావుది గోదావరి జిల్లా. అక్కడ వీధి చివరికెళ్ళినా వెళ్ళొస్తానంటారు. పోయాడన్న మాట మనిషి గురించి ఒక్కసారే అంటారు, అదీ అతనికి వినబడదు. పైగా ఇంటి ముందు టెంట్ పైపు. చావింటి ముందు వేసేదీ టెంటే.

ఆయన ఫోన్ చేశారు. ఇద్దరివీ స్విచాఫ్. ఇంకేం కావాలి? పక్కింటి పెద్దావిడ కౌసల్యమ్మ గుండెలు బాదుకుంది. పై అంతస్తు గంగాధరరావు ఆస్పత్రులన్నీ వెతకడానికి స్కూటరేసుకుని ఎల్బీనగర్ వైపు పరిగెత్తాడు. "పెద్ద షామియానా వెయ్యి, కుర్చీలు దింపు," అని విశ్వేశ్వరరావు రమేష్‌కు పురమాయించారు. ముగ్గురు క్యాంపింగ్‌కు పోతే ఇన్ని కుర్చీలెందుకో రమేష్‌కు అర్థం కాలేదు. ఆంధ్రోళ్ళ పద్ధతేమో అనుకుని వేసి, వేరే పని మీద వెళ్ళిపోయాడు.

అక్కడ తోటలో ఉపేంద్ర వెదురు కర్రతో యుద్ధం చేస్తున్నాడు. అతను నిలబెడతాడు, అది కూలుతుంది. గూటం కొట్టడానికి కూర్చుంటే లేవలేడు. తల్లీకూతుళ్ళు చెరో చెయ్యీ పట్టుకుని లాగాలి. లేచి, మోకాలు రుద్దుకుని, మళ్ళీ కూర్చునేవాడు. ఇలాంటి మొండివాణ్ణి చూస్తే ఎవరికైనా దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కర్ర మాత్రం పెట్టలేదు, విరిగింది.

"పోనీలే నాన్నా. ఇంటికెళ్ళిపోదాం," అంది సింధూర. ఏడ్చినా బాగుండేది. పెద్దదానిలా పోనీలే అనేసరికి ఉపేంద్ర టెంట్ మడిచేశాడు.

సాయంత్రం మన్సూరాబాద్ చేరేసరికి ఇంటి ముందు షామియానా.

"ఎవరో పోయినట్టున్నారండీ," అంది అమల.

చెప్పులు విడిచి, తల వంచుకుని, ముగ్గురూ మర్యాదగా ఆఖరి వరసలో కూర్చున్నారు. ముందు విశ్వేశ్వరరావు మాట్లాడుతున్నారు.

"యాభై దాటిన మనిషి, కూతురి కోసం స్కూల్లో గోనెసంచి పరుగులో దిగాడు. పడ్డాడు, లేచాడు, ఆఖరున వచ్చాడు. ఎవరో 'పాప తాతగారా?' అంటే, 'అవునండీ, రెండు ఉద్యోగాలూ నేనే చేస్తున్నా,' అన్నాడు. ఇక ఆ ఇల్లాలు, పిల్లకు నేర్పాలని ఈ వయసులో తాను సైకిల్ నేర్చుకుంది. మనలో ఒక్కరం చేశామా?"

అమల కళ్ళు తుడుచుకుంది. "ఎవరో గాని మహానుభావులు," అంది.

"అమ్మా, అది మనమే," అంది సింధూర.

ఆ గొంతుకు కౌసల్యమ్మ వెనక్కి తిరిగింది. తర్వాత కాసేపు అరుపులూ, పడిన కుర్చీలూ తప్ప ఏమీ లేవు.

"బతికుండి ఇంత ఏడిపిస్తావుట్రా!" అని కౌసల్యమ్మ ఉపేంద్ర వీపు మీద రెండేసి, వాటేసుకుని మళ్ళీ ఏడ్చింది. కబురందుకుని పరుగున వచ్చిన రమేష్, "నేను పోయిండన్న గని, సచ్చిండన్ననా సార్!" అని నెత్తి పట్టుకున్నాడు.

సింధూర తండ్రి వేలు పట్టుకుంది. "ఎవరైనా నిన్ను తాతగారా అంటే నాకూ కోపం రాదు నాన్నా, ఇప్పట్నించి," అంది. తర్వాత పైకి చూసి, "పెద్ద టెంట్ ఉందిగా, మన టెంట్ దీని కింద వేద్దామా?" అంది.

పొద్దుటి సన్న పైపు గోడవారనే ఉంది. రమేష్ దాన్ని చిటికెలో బిగించాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలగదని పక్కవాళ్ళు వండి తెచ్చిన అన్నం, పప్పుచారు అందరూ కలిసి తిన్నారు. ఉపేంద్ర కాళ్ళు టెంట్ బయట, తల లోపల పెట్టి పడుకున్నాడు. కూతురు అతని చెయ్యి తలకింద పెట్టుకుంది. చెయ్యి తిమ్మిరెక్కింది. అతను కదపలేదు.

తెల్లారి కౌసల్యమ్మ వచ్చి చూస్తే టెంట్‌లో తల్లీకూతుళ్ళే ఉన్నారు. షామియానా విప్పుతున్న రమేష్‌ని అడిగింది, "ఉపేంద్ర ఏడయ్యా?"

"సారు పో..." రమేష్ నాలుక్కరుచుకున్నాడు. "వెళ్ళిండమ్మా. పాలకు. మళ్ళొస్తడు."

ఆ తర్వాత చాలా రోజులు ఆ అపార్ట్‌మెంట్‌లో ఎవరూ పోలేదు. అందరూ వెళ్ళొచ్చారు.