టాంకెక్కిన తలపాగా

అరవై ఎనిమిదిలో, మాఘమాసం ఆదివారం. తెల్లారకుండానే తాయారు అంబలి కాచి, పశువులకు కుడితి పెట్టి, తల దువ్వుకుని గుమ్మంలో నిలబడింది. పట్నంలో కొత్తగా లేచిన నీళ్ల టాంకుకి ఇంకా నీళ్లెక్కించలేదు. ఈ ఒక్కరోజు పదకొండు దాకా జనాన్ని పైకి పోనిస్తారట. అక్కడ నిలబడితే సముద్రం కనిపిస్తుందట. ఆ సముద్రం పక్కనే ఆమె పుట్టిల్లు. పనులు తెమలక ఏడాదిగా పోలేదు.

"సూసీసి వచ్చీడమే. అయ్య కూడా వస్తాడు," అన్నాడు మొగుడు లక్ష్ముడు.

అయ్య రాక తప్పదు. జోగయ్య తాయారుకి మేనమామ, మామగారు కూడా. పెద్దల తలకన్నా ఎత్తున చిన్నవాళ్లు నిలబడకపోవడం ఆ ఊరి కట్టడి. మామ అరుగు మీద కూర్చుంటే కోడలు మెట్టు దిగుతుంది. అలాంటిది మామ నేలమీదుంటే కోడలు టాంకెక్కుతుందా? ముందు జోగయ్యే ఎక్కాలి. ఆయన చింతచెట్టయినా ఎక్కి ఎరగడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆమదాలవలసలో రైలెక్కేసరికి ఊరివాళ్లు ఇంకో పదిమంది తోడయ్యారు. టాంకు ఇనపమెట్లు సన్నం. ముందు జోగయ్య, వెనక తాయారు, ఆ వెనక లక్ష్ముడు, తర్వాత ఊరు. నలభయ్యో మెట్టు మీద జోగయ్య కిందికి చూశాడు. చూసి, కమ్మీని కావలించుకున్నాడు.

"ఏటి మావా, ఆగిపోనావు?"

"ఆగనేదే. సూస్తన్నాను."

"కళ్లు మూసుకుని ఏటి సూస్తావు?"

దాటి పొమ్మంటే మర్యాద పోతుంది. దిగుదామంటే వెనక ఊరుంది, ఊరి వెనక పట్నం ఉంది.

"పైన ఏమైంది?" అని ఎవరో అడిగారు. పెద్దాయన ఆగాడన్న మాట పది మెట్లు దిగేసరికి పెద్దాయన పడిపోయాడని అయింది. నేలకు చేరేసరికి మెట్లే ఊడిపోయాయని అయింది. సోడాబండివాడు బండి ఇటు తిప్పాడు. టాంకు చూడాలనిపించని వాళ్లు కూడా జోగయ్యను చూడ్డానికి పరుగెత్తుకొచ్చారు. వాచ్‌మన్ గంగులు ఈల ఊదాడు.

"పది ముప్పావయింది! పావుగంటలో గేటు మూసెస్తాను!"

 తాయారు తలెత్తితే మామ తలపాగా కనిపించింది. పంచాయితీకి రాలేని పెద్దమనిషి తన తలపాగా పంపిస్తే, దాన్ని పీటమీద పెట్టి, మనిషే ఉన్నట్టు మాట్లాడతారు ఆ ఊళ్లో.

"మావా, నీ తలపాగా ఇలాగియ్యి."

"ఏల?"

"నువ్వు రాకపోతే అది వస్తాది. నా నెత్తిమీదే ఎట్టుకుంటాను. నాకన్నా ఎత్తునే ఉంటాది గదా!"

జోగయ్య ఒక కన్ను తెరిచి ఆలోచించాడు. తప్పేమీ దొరకలేదు. ఇచ్చాడు. తాయారు పక్కనుంచి దూరి పైకి పరుగుతీసింది. తలపాగా వెనకే ఊరు కదిలింది.

"మావా! సముద్రం! మా అమ్మోల ఊరి సరుగుడు తోట! తెరసాపలు కూడా అవుపిస్తన్నాయి!"

తన అక్క ఊరు! తన తలపాగా చూసినదాన్ని తను చూడకపోవడమేమిటి? జోగయ్య చేతులూ కాళ్లూ మెట్లకానించి, మెట్టుకొక దేవుణ్ణి పిలుస్తూ పాకేశాడు. పైన లేచి నిలబడ్డాక మనిషే మారిపోయాడు.

"ఒసే తాయారూ, అదుగో తోట! ఒరే లక్ష్ముడూ, ఇటు సూడరా, కొండ మనకన్నా పొట్టిదిరా!"

గంగులు మళ్లీ ఈల ఊదాడు. ఊరు దిగింది. కళ్లనిండా సముద్రం నింపుకుని తాయారూ దిగింది. జోగయ్య కదల్లేదు.

"దిగవయ్యా, పెద్దాయనా!"

"సిన్నోలు ముందు దిగాల. సిన్నోలు పైనుండగా నాను కిందుంటే తప్పు కాదేటి?"

"అందరూ దిగిపోనారు!"

జోగయ్య పట్నమంతా నింపాదిగా కలియజూసి, వేలు చూపించాడు.

"అదుగో, ఆ మేడమీద కుర్సీలో ఒకడున్నాడు. సిన్నోడే. ఆడు కూడా దిగనీ."

ఆ మేడమీది మనిషి మధ్యాహ్నం భోజనానికి గాని దిగలేదు.