కారు కింద మల్లికార్జున

పొద్దున్నే కారు స్టీరింగు బాగుచేసుకొని, పది గంటలకల్లా జయరామయ్య ముందు నిలబెట్టాలన్నది మల్లికార్జున పథకం. వానల్లేక వరసగా శెనక్కాయ పంట పోయాక, ఉన్న గొర్రెలన్నీ అమ్మి కొన్న ఏడు సీట్ల పాత కారది. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టించే జయరామయ్య, ఈ ఊరి ఆడవాళ్లను రోజూ పనికి తీసుకెళ్లే బాడుగ ఇస్తానన్నాడు. తీరా పోయిన వారం ఎక్కి చూసి పెదవి విరిచాడు.

"నువ్వు స్టీరింగు తిప్పినాక బండి ఆలోచన చేసి తిరుగుతాంది. శుక్రవారం పదింటికి బాగుచేసుకోని రా. లేదంటే వేరే బండి చూసుకుంటా."

ఇవాళ శుక్రవారం. ఈ బాడుగ పోతే మల్లికార్జునకు చేను లేనట్టే, గొర్రెలు లేనట్టే, కారు ఉన్నా లేనట్టే.

బండి మీద పానా పెట్టేముందు దిష్టి తీయాల్సిందేనని తల్లి గంగక్క పట్టుబట్టింది. గుమ్మడికాయకు బొక్క చేసి, కుంకుమ నీళ్లు పోసి, ముందు చక్రం పక్కన ఎత్తి కొట్టింది. ఎర్రటి నీళ్లు రోడ్డు సగం దాకా పారాయి. తన వంతు అయిపోయిందని ఆమె చేనికి వెళ్లిపోయింది.

మల్లికార్జున కారు కింద దూరాడు. తుప్పు కళ్లల్లో రాలుతోందని తెల్ల టవలు ముఖం మీద కప్పుకొని, చక్రానికి పోయే కడ్డీ చివర చెయ్యి పెట్టి పడుకున్నాడు. ఏ జాయింటు అరిగిందో కంటికి కనబడదు, చేతికే తెలుస్తుంది. పైన ఎవరో ఒకరు స్టీరింగును అటూ ఇటూ కదిలిస్తుండాలి. కుట్టుపనికి సెలవు పెట్టిన భార్య హేమావతికి ఆ పని అప్పజెప్పాడు.

"నేను చాలనేదాకా తిప్పుతానే ఉండు. ఎవురు పలకరించినా నిలపాకు."

గొర్రెలు తోలుకొస్తున్న లింగప్ప ఆ కారు చూసి ఆగిపోయాడు. రోడ్డంతా ఎరుపు. కారు కింద నుంచి బయటికొచ్చిన రెండు కాళ్లు. వంగి చూస్తే ముఖం మీద తెల్లగుడ్డ. పైన పెళ్లాం.

"ఏమ్మా హేమా, ఏం చేస్తాండావు?"

"కనపడలేదా మామా, స్టీరింగు తిప్పుతాండా."

"మల్లికార్జున?"

"పొద్దున్నుంచి కిందనే ఉండాడు. నువ్వు జీవాలను తోలుకోని పో, నాకు తీరిక లేదు."

లింగప్ప జీవాలను అక్కడే వదిలేసి ఊళ్లోకి పరుగెత్తాడు.

టీ కొట్టు చేరేసరికి మల్లికార్జున కారు కింద పడ్డాడు. రేషన్ షాపు దాటేసరికి పెళ్లామే కారు ఎక్కించింది. గంగక్క చేను చేరేసరికి, ఎక్కించి వెనక్కి వచ్చి మళ్లీ ఎక్కించింది. టీ కొట్టు నరసింహులు బాధ్యత తెలిసిన మనిషి. అందుకే ఆసుపత్రికి కాకుండా నేరుగా జయరామయ్యకు ఫోన్ చేశాడు.

"సావుకారూ, మల్లికార్జున ఈ పొద్దు రాలేడు. ఇంగెప్పుడూ రాలేడు."

జయరామయ్య మెత్తని మనిషి. ఆ ఊరి నుంచి పనికొచ్చిన నలుగురు ఆడవాళ్లకూ సెలవిచ్చి, జీతం కోయనని కూడా చెప్పి, పూలమాల కొని, వాళ్లతోపాటు ఆటో ఎక్కాడు.

ఇక్కడ మల్లికార్జున అరిగిన జాయింటు పట్టుకున్నాడు. జాకీ ఎక్కించి చక్రం ఊడదీశాడు, నట్టూ ఊడదీశాడు. జాయింటు మాత్రం పట్టు వదల్లేదు. సుత్తితో గట్టిగా కొడితే జాకీ కాస్తా మట్టిలో దిగబడింది. పక్కన రాళ్లు పేర్చి ఉండబట్టి కారు వాటి మీద ఆగింది. జాకీని లాగడానికి మళ్లీ కిందికి దూరాడు. ఇంక పది లోపల కాదు అనుకునేసరికి అతనికి ఏడుపొచ్చినంత పనయింది.

అప్పుడే ఊరు వచ్చి పడింది. ఎవరూ ఏమీ అడగలేదు. పదిమంది మగవాళ్లు చేతులు వేసి కారు ముందు భాగం ఎత్తేశారు. గంగక్క కోడలి మీదికి పోయింది.

"నా కొడుకు నీకేం చేసినాడే?"

"తిప్పమంటే తిప్పినా అత్తా, నన్నెందుకు అంటావు?"

కింద నుంచి గొంతు వచ్చింది. "ఎవురప్పా అది? దింపాకండి. అట్లే పట్టుకోండి."

శవం మాట్లాడేసరికి ఇద్దరు చేతులు వదిలేశారు. మిగతావాళ్ల చేతులు భయంతో కారుకే అతుక్కుపోయాయి. మల్లికార్జున టవలు తీసి పాకుతూ వచ్చాడు. గంగక్క మసి అంటిన అతని పాదం పట్టుకొని వెక్కివెక్కి ఏడ్చింది.

"మా, కాలు వదులు. వీళ్లు ఎక్కువసేపు పట్టుకోలేరు."

ఎనిమిదిమంది ఎత్తిపట్టుకుంటే రెండు దెబ్బలకే జాయింటు ఊడింది. ముందే తెచ్చిపెట్టుకున్న కొత్తది ఎక్కింది. చక్రం బిగిసింది. కారు దింపి, ముందు చక్రాలు సమంగా ఉన్నాయో లేదో దారం పట్టి చూస్తుంటే జయరామయ్య నలుగురు ఆడవాళ్లతో ఆటో దిగాడు. ఆటో వెళ్లిపోయింది.

"పది కాకముందే నువ్వే వచ్చినావే సావుకారూ" అన్నాడు మల్లికార్జున.

జయరామయ్య మాలను వీపు వెనక్కి జరిపాడు.

"ఎట్లా తిరిగి పోవాల గదా. అందరూ ఎక్కండమ్మా, బరువుతోనే చూస్తాం."

కారు రాయదుర్గం దారి పట్టింది. జయరామయ్య తలుపు పైన పిడి గట్టిగా పట్టుకొని కూర్చున్నాడు. వెనక సీటులో హేమావతి ఆ చేతినే చూస్తోంది. గుంతలొచ్చాయి, మలుపులొచ్చాయి, ఎదురుగా లారీ వచ్చింది. స్టీరింగు చెప్పిన మాట చెప్పినట్టు విన్నది. రాయదుర్గం కనబడేసరికి ఆయన పిడి వదిలేసి, వెనక్కి ఒరిగి కళ్లు మూసుకున్నాడు. హేమావతికి ఆపుకోలేనంత సంతోషం వచ్చి, పక్కనున్నామె చెయ్యి నలిపేసింది.

"రేపటినుంచి బాడుగ నీదే" అన్నాడు జయరామయ్య, గేటు దగ్గర దిగుతూ.

నలుగురు ఆడవాళ్లు మాత్రం కారు దిగలేదు. "మమ్మల్ని మళ్లీ ఊర్లో దింపు మల్లికార్జునా. ఈ పూట మాకు సెలవు" అన్నారు.

"ఆ సెలవు సావుకిచ్చింది. మనిషి బతికుండాడు గదా, పోయి మిషన్ల మీద కూచోండి" అన్నాడు జయరామయ్య.

ఆ గేటు దగ్గర మల్లికార్జున బతికి ఉన్నందుకు సంతోషించిన ఆడమనిషి హేమావతి ఒక్కతే.