అగపాంథస్‌కు లక్క సీలు

“చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాక నా చూపు తప్పించుకున్న నేరం లేదు” అని మా ఆయన వీరేశం వాకిట్లో నిలబడి ప్రకటిస్తున్న సమయంలోనే, గేటు తోసుకుని లోపలికొచ్చిన మేక ఆయన లుంగీ అంచు నములుతోంది. ఆ సంగతి నేను చెబితేనే ఆయనకు తెలిసింది.

ఆయనకు చేవెళ్లలో ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. నకిలీ విత్తనాలు పట్టుకునే అధికారులు వచ్చి శాంపిల్ తీయడం, సంచి మూతికి లక్క సీలు వేయడం, సాక్షుల సంతకాలు తీసుకోవడం చూసి చూసి, తానూ అపరాధ పరిశోధకుణ్ణేనని నిర్ణయించుకున్నారు. అంతవరకూ తేల్చిన కేసు ఒక్కటే, టార్చిలైటు మాయం. దాన్ని ఆ టార్చిలైటు వేసుకునే ఇల్లంతా వెతికారు.

ఈసారి కేసు నా అగపాంథస్ మొక్క. పక్కింటి బాలసరస్వతి గారు ఊటీ నుంచి తెచ్చుకున్న దుబ్బును రెండుగా చీల్చి, సగం నాకిచ్చారు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. మాట తియ్యన, షరతు గట్టి. మూడో ఎండాకాలానికి పూయకపోతే మొక్క తిరిగిచ్చేయాలన్నారు.

గోడ అవతల ఆవిడ మొక్క, పొడుగాటి కాడల మీద నీలిపూల గుత్తులను తారాజువ్వల్లా విప్పేది. ఇవతల నాకు ఆకులే. పెద్ద సిమెంటు తొట్టి కొన్నాను. ఎండ తగలకుండా వేపచెట్టు కింద పెట్టాను. దుకాణం మనదే కదా అని ఆయన వారం వారం గుప్పెడు యూరియా చల్లారు. ఆకులు జొన్నచొప్పలా ఎదిగాయి. రెండు ఎండాకాలాలు అట్లాగే పోయాయి. ఇంకొక్కటి పోతే నా మొక్క గోడ దాటుతుంది.

వానలు మొదలైన ఒక ఆదివారం ఆయన తొట్టి చుట్టూ ప్రదక్షిణ చేసి, భూతద్దంతో ఆకును పరీక్షించి, గొంతు తగ్గించారు.

“అన్నపూర్ణా, గిది నకిలీ సరుకు. పూలిచ్చే సగం ఆమె పెట్టుకొని, తాలు సగం మనకు అంటగట్టింది.”

“మొక్కల్ల గూడ తాలు ఉంటదా?”

“విత్తనాల్ల ఉన్నప్పుడు మొక్కల్ల ఉండదా? శాంపిల్ తీస్త.”

దుకాణంలో బస్తాలు మోసే బాల్‌రాజ్‌ను సాక్షిగా పిలిపించారు. నేను వద్దనేలోపే మొక్కను తొట్టిలోంచి పెకలించి, పాత నూనె డబ్బాలో కుక్కారు. డబ్బా అడుగు తుప్పుపట్టి చిల్లులు పడి ఉండటం మొక్క అదృష్టం. డబ్బాకు గోనెగుడ్డ చుట్టి, సుతిలితో బిగించి, లక్క కరిగించి సీలు వేశారు. లక్క సగం గోనె మీద పడింది, సగం ఆయన బొటనవేలి మీద.

“సేటు, గిది చెట్టు. బస్తా గాదు” అన్నాడు బాల్‌రాజ్ సంతకం పెడుతూ.

“చట్టం ముందల అన్నీ ఒక్కటే.”

సాక్ష్యాన్ని డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని హుకుం జారీ చేశారు. యూరియా కూడా బందు, సాక్ష్యం కలుషితమవుతుందట. నేను వాదించాను, అలిగాను, ఉప్పు లేకుండా కూర వండాను. బాగుందన్నారు. గోనె చుట్టిన నా మొక్కను చూడలేక బట్టలు కూడా కింద పెరట్లోనే ఆరేసుకున్నాను. మోటారు ఆపడం మర్చిపోవడం ఆయన అలవాటు కాబట్టి, పొంగిన ట్యాంకు నీళ్లే దానికి దిక్కయ్యాయి.

మూడో ఏడు ఎండలు ముదిరాక బాలసరస్వతి గారు ఖాళీ కుండీతో వచ్చారు. నా ప్రాణం ఉసూరుమంది. మా ఆయన మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఎదురెళ్లారు.

“మీరొస్తరని నాకు ఎర్కనేనమ్మా. నేరం చేసినోళ్లు అదే జాగకు మళ్లొస్తరు. పైకి నడువుండ్రి.”

“ఏం నేరమండీ?” అని ఆవిడ నా వైపు చూశారు. నేను కొంగు సర్దుకున్నాను.

మెట్లెక్కుతూ ఆయన నకిలీ సరుకు సిద్ధాంతమంతా వినిపించారు. డాబా తలుపు తీసి, చూపు ఆవిడ ముఖం మీదే నిలిపి, చెయ్యి వెనక్కి చాపి అడిగారు.

“చెప్పుండ్రి. ఒక్క పువ్వన్న ఉన్నదా?”

మూడు గుత్తులున్నాయి. ఒకటి ఆయన మోచేతికి తగులుతోంది.

బాలసరస్వతి గారు డబ్బా చుట్టూ తిరిగి చూశారు. వేళ్లు నిండి రేకు ఉబ్బిపోయింది. “ఎంత బాగా పెంచారండీ. వేళ్లు ఇరుకైతేనే, ఒంటి నిండా ఎండ పడితేనే పూస్తుందిది. యూరియా వేశామో ఇక ఆకులే. ఈ కిటుకు మీకెవరు చెప్పారు అన్నయ్యగారూ?”

ఆయన వెనక్కి తిరిగారు. పూలను చూశారు. సీలును చూశారు. మోచేతికి అంటిన పుప్పొడి దులుపుకున్నారు.

“కస్టడీల పెట్టి జర గట్టిగ అడిగిన” అన్నారు చివరికి. “ఒప్పుకున్నది.”

మొక్క నాకే మిగిలింది. ఆవిడ ఖాళీ కుండీ చంకన పెట్టుకుని మెట్లు దిగుతూ ఆగారు.

“మా దానిమ్మ రెండేళ్లుగా కాయట్లేదండీ. ఓసారి వచ్చి అరెస్టు చేస్తారా?”

నవ్వుతూ అన్నారో, నిజంగానే అన్నారో నాకు అర్థం కాలేదు. మా ఆయన అప్పటికే లక్క కోసం లోపలికి వెళ్లిపోయారు.