మూడు ఆకుపచ్చ టిక్కుల పెద్దమనిషి

సోమవారం ఉదయం పది గంటల నుంచి సభ్యులందరూ నిజమే చెప్పవలెనని ఆ పరిచయాల యాప్ కంపెనీ సర్క్యులర్ జారీ చేసింది. ఆదివారం సాయంత్రం దాకా గడువిచ్చారు. గడువును సద్వినియోగం చేసుకుని చాలామంది మరో రెండంగుళాలు పొడుగు పెరిగారు.

నిజాయితీ అమలుకు మూడో అంతస్తులో, జిరాక్స్ మెషీనుకూ చేతులు కడిగే సింకుకూ మధ్య ఒక విభాగం వెలిసింది. అందులో ఉండేది ఇద్దరు: మేనేజరు, భూతద్దం. భూతద్దం ముప్ఫై నాలుగేళ్ల మనిషి. ఫోటోలో మచ్చ ఎక్కడ చెరిపారో, పొట్ట ఎక్కడ కోశారో ఇట్టే పట్టేస్తుందని ఆఫీసంతా కలిసి పెట్టిన పేరది. పట్టినవన్నీ రాసి మేనేజరుకిచ్చేది. ఆయన చదివి, మనసారా మెచ్చుకుని, బీరువాలో పెట్టి తాళం వేసేవాడు.

తనిఖీ పద్ధతి సులువు. సభ్యుడు ఒక కాగితం పంపాలి. దానిమీద ముద్ర ఉండాలి. ముద్ర గుండ్రంగా ఉంటే పేరు పక్కన ఆకుపచ్చ టిక్కు వెలుగుతుంది.

భూతద్దానికి ఒక అక్క ఉంది. ఫిజియోథెరపిస్టు. రోజంతా జనం మోకాళ్లు వంచి, సాయంత్రం తన నడుం తను పట్టుకుని ఇల్లు చేరే మనిషి. విడాకులై ఐదేళ్లయింది. చెల్లెలి కంపెనీయే కదా అని నమ్మి యాప్‌లో చేరింది. సర్క్యులర్‌ను అక్షరాలా పాటించిన సభ్యురాలు బహుశా ఆవిడొక్కతే. "వయసు నలభై రెండు. విడాకులయ్యాయి. కోపం ఎక్కువ, భోంచేశాక తగ్గుతుంది" అని రాసింది. మూడు నెలల్లో వచ్చిన సందేశం ఒక్కటే, అదీ కంపెనీ నుంచి: "మీ వివరాలు అనుమానాస్పదముగా ఉన్నవి. సరిచూసుకోగలరు."

నాలుగో నెలలో ఒక పళ్ల డాక్టరు పలకరించాడు. భార్య పోయిందట. ఒంటరితనం పుస్తకాలతో గడుపుతున్నాడట. టిక్కు ఉంది. అక్క కూనిరాగాలు తీస్తూ మోకాళ్లు వంచుతోందని క్లినిక్‌లో చెవులు కొరుక్కున్నారు.

"చూడవే, ఎంత పద్ధతైన మనిషో," అంటూ ఫోన్ చెల్లెలి చేతికిచ్చింది.

చెల్లెలు అతని ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూసింది. పైన కాస్త మడతపడ్డ ఆ ఎడమ చెవి ఆమెకు బాగా తెలుసు. పోయిన నెల అది ఒక విమానం పైలట్‌కు ఉండేది. అంతకుముందు ఒక కాలేజీ లెక్చరర్‌కు. వెనకాల కర్టెన్ కూడా అదే.

మర్నాడు మూడు ఫోటోలూ మేనేజరు ముందు పరిచింది.

"సార్, ఈ ముగ్గురూ ఒకడే."

ఆయన కళ్లజోడు తుడుచుకుని చూశాడు. "ముగ్గురికీ టిక్కుంది కదమ్మా?"

"ఉంది సార్. మనమే ఇచ్చాం."

"మరి ఎవర్ని అబద్ధమందాం? ఒకణ్ణి తీసేస్తే మిగతా ఇద్దరూ నొచ్చుకోరూ?"

విషయం కమిటీకి వెళ్లింది. ఒకే వ్యక్తి మూడుసార్లు తనిఖీలో నెగ్గడం కంపెనీ చరిత్రలో లేదని గుర్తించిన కమిటీ, ఆయనకు "ఉత్తమ విశ్వసనీయ సభ్యుడు" పురస్కారం ప్రకటించింది. ఆయన వీడియోలో గద్గద స్వరంతో ప్రసంగించాడు: "నిజాయితీ గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు. రోజుకు మూడుసార్లు ఆచరిస్తున్నాను."

భూతద్దం ఇంటికెళ్లి అక్కతో అంతా చెప్పేసింది. అక్క ఫోన్‌లో తన వివరాలు తెరిచి మళ్లీ చదువుకుంది.

"నేను అన్నీ నిజమే రాశాను కదే," అంది మెల్లగా.

తర్వాత కోపం వచ్చింది. భోంచేశాక కూడా తగ్గలేదు.

సభ్యుల వివరాలు బయటపెట్టరాదన్న నిబంధన భూతద్దానికి కంఠతా వచ్చు. అయినా అతని వలలో ఉన్న మిగతా ఇద్దరు ఆడవాళ్లనూ వెతికి పట్టుకుంది. పైలట్ కోసం ఎదురుచూస్తున్నావిడకు టైలరింగ్ షాపు ఉంది. లెక్చరర్ తాలూకు ఆవిడ లైబ్రేరియన్. అక్క అతన్ని శనివారం మధ్యాహ్నం, జనం కిటకిటలాడే కాఫీ షాపుకు రమ్మంది.

అతను పూలగుత్తితో వచ్చాడు. బల్ల చుట్టూ నలుగురు ఆడవాళ్లు.

"రండి డాక్టరుగారూ," అంది అక్క.

"కూర్చోండి కెప్టెన్‌గారూ," అంది టైలరింగ్ షాపావిడ.

"క్లాసయిపోయిందా మాస్టారూ?" అంది లైబ్రేరియన్.

పూలు ఎవరికివ్వాలో తోచక పక్క బల్లమీద పెట్టాడు. చివరికి ధైర్యం తెచ్చుకుని, "ఇది చాలా అన్యాయమండీ! మీలో మీరు మాట్లాడుకుని వచ్చారు, నాతో ఒక్క ముక్క చెప్పలేదు. మనుషులన్నాక కాస్త నిజాయితీ ఉండక్కర్లా?" అన్నాడు.

అంతలో అతని ఫోన్ మోగింది. టైలరింగ్ షాపావిడ చటుక్కున స్పీకర్ నొక్కింది. పోయిన భార్య మాట్లాడుతోంది. వచ్చేటప్పుడు బ్రెడ్డు పట్టుకు రమ్మంది.

అతను వెళ్లిపోయాక ముందుగా నవ్వింది అక్కే. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. లైబ్రేరియన్ ఆవిడ చేయి పట్టుకుంది.

సోమవారం సదరు సభ్యుడు భద్రతా విభాగానికి ఫిర్యాదు చేశాడు. కంపెనీ సభ్యుల భద్రత విషయంలో రాజీపడదు. ఒంటరి పురుషుణ్ణి బహిరంగ స్థలంలో చుట్టుముట్టినందుకు ముగ్గురి ఖాతాలూ రద్దయ్యాయి. మహిళా సభ్యులు పరస్పరం పరిచయం పెంచుకోరాదని కొత్త నిబంధన వెలువడింది. భూతద్దం ఉద్యోగం పోయింది. సేవలను ప్రశంసిస్తూ ఇచ్చిన సర్టిఫికెట్‌పై ముద్ర మాత్రం గుండ్రంగా ఉంది.

కథ బయటికి పొక్కాక కంపెనీ మూతపడుతుందని మీరనుకోవచ్చు. ఆ వారం తొమ్మిది వేలమంది కొత్తగా చేరారు.

చుట్టాల్లోనూ పాకింది. పిన్ని పనిగట్టుకుని అక్కను పరామర్శించడానికి వచ్చింది. మొదటినుంచీ చెప్పించుకుంది. "అయ్యో తల్లీ" అంది, "వాడి మొహం మండ" అంది. ఆఖరికి కాఫీ కప్పు కింద పెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి అడిగింది:

"అది సరేగానీ, పళ్ల డాక్టరన్న ముక్కయినా నిజమేనా? నిజమైతే, నువ్వు కాస్త సర్దుకుపోవాల్సిందే!"