డబుల్ కుట్టు కొలను

నేను పెరట్లో ఎవరినో పాతిపెట్టడానికి గొయ్యి తీస్తున్నానని పక్కింటి రేడియో పిన్ని కుళాయి దగ్గర చెప్పిందట. విన్నవాళ్ళలో ఒకావిడ దాన్ని మా ఆవిడ చెవిన వేసింది. మా ఆవిడ వచ్చి, గొయ్యినీ పార పట్టుకున్న నన్నూ మార్చి మార్చి చూసి, "పొడుగూ వెడల్పూ చూస్తే నా కొలతలే తీసినట్టున్నారు" అంది.

నేను టైలర్ని. ముప్ఫై ఏళ్ళు మిషను తొక్కీ తొక్కీ నా కాళ్ళు ఒకచోట ఉండటం మర్చిపోయాయి. చిన్న కొలను తవ్వుకుంటే గట్టున కాసేపు కుదురుగా ఉంటానని ఆశ.

"తామర కావాలంటే కొలను ఉండాలి కదే" అన్నాను.

"అక్కర్లేదు. వారంగా బురదలో తిరుగుతున్నారుగా, మీ కాలివేళ్ళ సందున అప్పుడే వచ్చింది."

"అది వేరే తామర."

"మా అన్నయ్యని పిలుస్తాను. ఒక్కపూటలో కట్టేసి పోతాడు."

వాళ్ళన్నయ్య తాపీమేస్త్రీ. ఆయన నేను కుట్టిన చొక్కా ఇంతవరకూ తొడగలేదు, నేను ఆయన ఇటుకని నా గుమ్మం దాటనివ్వలేదు. అందుకే ఉక్రోషం వచ్చింది. "ఆదివారానికి నీళ్ళు నిలవకపోతే, నా వల్ల కాలేదు బావగారూ, మీరే కట్టండి అని నా నోటితో నేనే అంటాను" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

గొయ్యిలో పరవడానికి ప్లాస్టిక్ పట్టా ఒకటి చాలలేదు. రెండు ముక్కలు కలపాలి. కలపడం నాకొకరు నేర్పాలా? మిషను మీద పెట్టి డబుల్ కుట్టు లాగించాను. అంత తిన్నటి కుట్టు పెళ్ళికొడుకు కోటుకి కూడా వేయలేదు. నీళ్ళు నింపి, మట్టం దగ్గర సుద్దతో గీత గీశాను.

గంట తర్వాత గీత గీత దగ్గరే ఉంది. నీళ్ళే లేవు.

డబుల్ కుట్టంటే సూది పొడిచిన చిల్లులూ డబులేనని అప్పుడు వెలిగింది. బయటపడితే బావగారి ముందు పరువు గంగపాలు. బకెట్టు అందుకున్నాను.

ఇక నాకు నిలకడ లేదు. కాజాకీ కాజాకీ మధ్య లేచి రెండు బకెట్లు పోసి రావడం. ఒకరి చొక్కాకి మూడు జేబులు పడ్డాయి. ఇంకొకాయన లాగు కాళ్ళు రెండూ ఒకదానికొకటి కుట్టేశాను.

"ఎక్కడికండీ మాటిమాటికీ?"

"దారం కోసం."

"దారం పెరట్లో దొరుకుతుందా?"

"కాస్త గాలికి."

"గాలికి మోకాళ్ళదాకా తడిశారే."

ఆదివారం బావగారు వచ్చేసరికి కొలను గీతదాకా నిండుగా ఉంది. "పరవాలేదే బావా" అన్నారాయన. మా ఆవిడ గట్టున మూడు కుర్చీలు వేసి నన్ను మధ్యలో కూర్చోబెట్టింది. లేవబోతే టీ ఇచ్చింది. మళ్ళీ లేవబోతే మళ్ళీ ఇచ్చింది. మూడో గ్లాసుకి కుట్టు బయటపడింది.

బావగారు వంగి చూశారు. "కుట్టు మాత్రం భేషుగ్గా ఉంది."

నేను మాట తప్పలేదు. "నా వల్ల కాలేదు బావగారూ, మీరే కట్టండి" అన్నాను, తల వంచి నా కాలి బొటనవేలితో.

ఆయన చూపు గొయ్యికి దిగువనున్న టమాటా మడి మీద పడింది. "ఏమ్మా, పోయినసారి వాడిపోయి ఉన్నాయి. ఇంత పచ్చగా ఎలా లేచాయి?"

"మీ బావగారు రోజుకి నలభై బకెట్లు పోశారన్నయ్యా. అంతా అటే ఊరింది."

"చిల్లుల సంగతి నీకు మొదటిరోజే తెలుసా? ఒక్క మాట చెప్పకూడదూ?" అన్నాను.

"చెప్తే మోసేవారా?" అంది.